తాటాకు దడి వెనక ఆట

బావ మూడో మాసికం అయిన మర్నాడు మధ్యాహ్నం, గుడివాడలో మా అక్క గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ టీవీలో క్రికెట్ చూస్తూ ఉంటే నా మనసుకు కొంచెం కష్టంగానే తోచింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, చూపు సరిగా ఆనదు, అయినా తర్వాతి ఓవరు ఎవరు వేస్తారో ముందే చెబుతోంది. పక్కవాటాలోంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు అవునవునని తలలూపుతున్నారు. వాళ్ళలో ఒక్కరైనా జన్మలో బ్యాటు పట్టుకున్నవాళ్ళు కాదు. బావ ఉండగా ఆ ఇంట్లో క్రికెట్ పేరెత్తడానికి లేదు, ఆయన ప్రాణమంతా బాల్ బ్యాడ్మింటన్ మీదే ఉండేది.

ఆ పేరు చెబితే ఇప్పటివాళ్ళు షటిల్ అనుకుంటారు. మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, జట్టుకు అయిదుగురు, పసుపుపచ్చ ఉన్ని బంతి, ఇరవై తొమ్మిది పాయింట్లకు ఒక గేము. అప్పట్లో బందరులో అక్కావాళ్ళు అద్దెకున్న డాబా ఇంటి వెనకాలే మా కోర్టు ఉండేది. బావ హైస్కూల్లో లెక్కల మాస్టారు, నేను అప్పుడే తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. సాయంత్రం నాలుగున్నరకల్లా నీళ్ళు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసి, పంచె విప్పి నిక్కరుతో దిగేవాడు బావ, స్కూల్లో ఆయన్ని చూసి గడగడలాడే పిల్లలు ఆ అవతారం చూస్తే ఏమయిపోయేవారో.

ఉన్ని బంతికి గాలే శత్రువు. బందరులో సాయంకాలం సముద్రపు గాలి తిరిగిందంటే బంతి మనం కొట్టినచోటికి కాక దానికి తోచినచోటికి పోతుంది. అందుకని ఏటా గూడూరు వైపు నుంచి బండి మీద తాటాకులు తెప్పించి, కోర్టు చుట్టూ మనిషెత్తుకు మించి దడి కట్టేవాళ్ళం. దడి కట్టాక లోపల గాలి ఆగిపోయేది, రోడ్డు మీద పోయేవాడికి లోపల ఏం జరుగుతోందో తెలియడమూ ఆగిపోయేది. ఆ రెండో సంగతి మాకు అప్పుడు నష్టంగా అనిపించలేదు సరికదా, గొప్పగా ఉండేది. మా బ్యాట్లకు గట్ తీగ బిగించే సాయిబు గారు మాత్రం ఒకసారి, రోడ్డు వైపు దడి కాస్త తగ్గించి నాలుగు బెంచీలు వేయిస్తే బాగుంటుందండీ మాస్టారూ, జనం అలవాటు పడతారు అన్నారు.

“చూసేవాళ్ళకి సినిమాహాళ్ళున్నాయి గదా సాయిబుగారూ, ఇక్కడికి ఆడేవాళ్ళే రావాలి” అన్నాడు బావ.

మేమంతా నవ్వాం. సాయిబు గారు నవ్వలేదు, తలవంచుకుని గట్ బిగించుకున్నారు.

అసలు చెప్పవలసింది ఇప్పుడు చెబుతున్నాను. ఒక వేసవిలో అక్క డాబా మీద వడియాలు ఎండబెట్టి, ఎత్తే వేళకు పైకెక్కి, పిట్టగోడ దగ్గర నిలబడి మా ఆట చూస్తూ ఉండేది. వడియాలు ఎండిపోయిన తర్వాత కూడా ఎక్కుతూనే ఉంది. అవతలి జట్టులో ఎవడో తలెత్తి చూసి ఏదో అన్నాడు. బావ ఆమెను ఏమీ అనలేదు, మర్నాడు వెదుళ్ళు పాతించి ఇంటివైపు దడి పిట్టగోడకు మించి ఎత్తించాడు. నిచ్చెనెక్కి ఆ ఆకులు కట్టింది నేనే. కట్టేటప్పుడు అక్క పెరట్లో అంట్లు తోముకుంటోంది, తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. నాకు అప్పుడు సిగ్గేమీ వెయ్యలేదు, ఇప్పుడు వేస్తోంది.

అదే రోజుల్లో రోడ్డుకు అవతల బీడులో కుర్రాళ్ళు మూడు పుల్లలు పాతి క్రికెట్ ఆడేవాళ్ళు. దడీ లేదు, గీతలూ లేవు. రిక్షావాళ్ళు ఆగి చూసేవారు, సోడా బండివాడు అంపైరింగు చేసేవాడు, కిళ్ళీకొట్టులో ట్రాన్సిస్టరు పెడితే బంతిని కంటితో చూడనివాడు కూడా స్కోరు చెప్పేవాడు. మేము వాళ్ళను చూసి ఇదీ ఒక ఆటేనా అనుకున్నాం. పదేళ్ళు తిరిగేసరికి ఊరంతా అటు వెళ్ళిపోయింది. మాలో ఒకరికి బదిలీ, ఒకరికి మోకాలు, కొత్తవాడు ఒక్కడూ రాలేదు. చివరికి అయిదుగురు కుదరక నెట్టు చుట్టి మా ఇంటి అటక మీద పడేశాం. మంచి ఆట కాబట్టి దానంతట అదే నిలుస్తుందని నమ్మాడు బావ. నిలవకపోయేసరికి లోకం మీద అలిగాడు, ఆ అలక చివరిదాకా తీరలేదు.

పోయేముందు వారం పది రోజులు నేను ఆయన దగ్గరే ఉన్నాను. ఒక సాయంత్రం, అక్క వంటింట్లో ఉండగా, దివిసీమ జట్టు బందరు వచ్చి మా కోర్టులో ఆడిన మ్యాచ్ నీకు జ్ఞాపకం ఉందా అని అడిగాడు. చాలా వెనకబడి ఉండి గెలిచాం, ఎంత మీద ఉన్నామో అంకె గుర్తురావడం లేదు, లెక్కల మాస్టారుని అయ్యుండి, అని బాధపడ్డాడు. ఎన్నో మ్యాచ్‌లు ఆడాం, నాకు ఏదీ విడిగా గుర్తులేదు. ఏమో బావా అన్నాను.

“అయితే ఎవరికీ గుర్తు లేదన్నమాట” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎనభై ఏళ్ళు దాటిన మనిషికి కావలసింది ఆ ఒక్క అంకె, అది నేను ఇవ్వలేకపోయాను.

మాసికం మర్నాడు ఆ టీవీ ముందు ఉండబట్టలేక, ఇన్నేళ్ళూ ఆయన అసహ్యించుకున్న ఆట నీకెప్పుడు పట్టుబడిందే అని అక్కను కొంచెం పుల్లవిరుపుగానే అడిగాను. ఆమె గోరుచిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టింది.

“దీన్ని ఎప్పటినుంచో పక్కవాటాలో వీళ్ళు నన్ను చూడనిచ్చారు కాబట్టి చూస్తున్నా. మీ ఆట చూడనివ్వలేదు, విన్నాను. మీరు పంతొమ్మిది, వాళ్ళు ఇరవై ఏడు మీద ఉన్నార్రా ఆ దివిసీమ మ్యాచ్‌లో. అక్కణ్ణుంచి వరసగా పది పాయింట్లు. ఆఖరి బంతి కొట్టింది మీ బావే. ఆయన బ్యాటు మోత వేరు, నాకు తెలుసు.”

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. బావ ఇంట ఎప్పుడో గెలిచాడు, ఆ సంగతి ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. పెరట్లో అంట్లు తోముతూ, దడి అవతల అంపైరు అరిచే అంకెలు వింటూ, అన్నేళ్ళూ ఆ ఆటను వెన్నంటి ఉన్న మనిషిని మేం మనిషిగా లెక్కలోకే తీసుకోలేదు. మరి ఆయన అడిగిన రోజున వంటింట్లోంచి విన్నావు కదా, ఎందుకు చెప్పలేదే అన్నాను.

“నిన్నడిగారు, నన్నడగలేదుగా. దడి ఎత్తించినా విన్నానని తెలిస్తే ఏమనుకుంటారో అనిపించింది. పొద్దున్నే కాఫీ ఇచ్చేటప్పుడు చెబుదాంలే అనుకున్నాను. తెల్లారేసరికి ఆయనకి తెలివి లేదు.”

ఇప్పుడు ఆ కోర్టున్న చోట ఇళ్ళు లేచాయి. సాయంత్రమైతే అన్ని ఇళ్ళలోంచీ క్రికెట్ కేకలే వినిపిస్తాయి, ముసలీ ముతకా, ఆడా మగా అందరికీ ఆ కేకలో చోటుంది. ఆ ఆట మీద నాకు ఇదివరకటి కోపం లేదు. మా ఆటను ఎవరో లాక్కుపోయారని యాభై ఏళ్ళు చెప్పుకుంటూ వచ్చాం, వచ్చి నిలబడ్డ ఒక్కరిని మేమే పొమ్మన్నాం.

కుర్చీ అక్క పక్కకు లాక్కుని, ఆ మ్యాచ్ మొదటి పాయింటు నుంచి చెప్పమన్నాను. టీవీ కట్టేసి చెప్పింది, ఒక్క పాయింటూ వదల్లేదు. వినవలసిన ఆయన వినకుండా వెళ్ళిపోయాడు, నేను విన్నాను.