దాత పేరు రాసిన పొట్టేళ్లు

మా ఊరి హైస్కూలుకు కమాను ఉంది గాని ప్రహరీ గోడ లేదు. మూడేళ్ల కిందట తల్లిదండ్రులు ఇంటింటికీ తిరిగి పోగుచేసిన డబ్బును బడికి ఇస్తే, బడివాళ్లు దాన్ని కమానుగా మార్చారు. రెండు సిమెంటు స్తంభాలు, వాటి మీద వంపు, వంపు మీద దాతల పేర్లు. అక్కడ చోటు చాలక పేర్లు స్తంభాల మీదికి కూడా దిగాయి. పిల్లలు దాని పక్కనుంచి వస్తారు, పక్కనుంచే పోతారు. కిందనుంచి నడిచేది తనిఖీకి వచ్చే అధికారులు మాత్రమే.

లోపల కూడా ఇదే తంతు. ఫ్యాను రెక్కకు ఒక దాత చొప్పున ఫ్యానుకు ముగ్గురు. ఫ్యాను తిరిగితే పేర్లు కనబడవు. కరెంటు వాళ్లకు ఆ సంగతి తెలిసినట్టుంది, దాతల మనసు నొప్పించకుండా చూసుకుంటారు.

ఎవరి పేరూ లేని కట్టడం ఆ బడిలో ఒక్కటే. అది ఆడపిల్లల మరుగుదొడ్డి. గులాబీరంగు వేసి, గోడ మీద పెద్ద సీతాకోకచిలుకను గీశారు. బోరు ఉంది. మోటారు కాలిపోయింది, తొట్టి పగిలిపోయింది. నీళ్లు లేకుండా వాడితే పాడవుతుందని తాళం వేసి, తాళంచెవిని ఆఫీసు బీరువాలో భద్రం చేశారు. అందువల్ల పెద్ద తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నం గంట కొట్టగానే ఇళ్లకు పోతారు. మళ్లీ రారు.

బయమ్మ కూతురు జ్యోతిలక్ష్మి కూడా అంతే. ఎనిమిదో తరగతి.

బయమ్మకు చదువు రాదు. మొగుడు ఎర్రన్నతో కలిసి ఎనభై గొర్రెలు మేపుతుంది. ఆమె తల్లిదండ్రుల కమిటీకి అధ్యక్షురాలు ఎట్లా అయిందో చెప్పాలి. ఎన్నికకు సగంమందైనా రాకపోతే చెల్లదన్నారు. సగానికి ఒకరు తక్కువయ్యారు. హెడ్మాస్టరు మార్కండేయ సారు తల పట్టుకుని వరండాలో నిలబడి ఉండగా, తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ బయమ్మ లోపలికి వచ్చింది. సారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి వేలిముద్ర వేయించుకున్నాడు. అధ్యక్ష పదవి కోసం మిగిలినవాళ్లంతా ఒకరినొకరు అడ్డుకుంటున్నారు. ఎవరికీ అడ్డు కాదని ఆమెనే ఎన్నుకున్నారు. గొర్రెపిల్ల వంటగదిలో దొరికింది, మధ్యాహ్న భోజనం బియ్యం తింటూ.

కమిటీ మినిట్స్ పుస్తకం రాసే పని నాది. లైబ్రరీలో చేసి రిటైరైనవాణ్ణి, దస్తూరి బాగుంటుందని అప్పగించారు. ఇక్కడ చెప్పేవి జరిగిన సంగతులు. మినిట్స్‌లో రాసినవి వేరు.

ఆ శీతాకాలంలో ఎర్రన్న ఒక నిర్ణయానికి వచ్చాడు.

“ఎనిమిదితో చాలు. మధ్యాన్నం దాకా పోయే బడికి పోతేనేమి, పోకుంటేనేమి? అమ్మి గొర్రెల ఎంబడి వస్తే ఒక మనిషి కూలి మిగుల్తాది.”

“నీళ్లొస్తే దినమంతా బడిలోనే ఉంటాది గదప్పా.”

“నీళ్లొస్తే చూస్తాంలే.”

“చూసేది కాదు. పంపిస్తానని చెప్పు.”

“సరే, నీళ్లొస్తే పంపిస్తా పో.”

మా కరువు నేల మీద నీళ్లకు ముడిపెట్టి ఇచ్చిన మాట ఎవరినీ ఇబ్బంది పెట్టదు. ఎర్రన్న నిశ్చింతగా పడుకున్నాడు. బయమ్మ ఆ మాటను కొంగుకు ముడేసుకుంది.

వేరుశనగ పీకిన చేలల్లో మంద పెట్టించుకోవడం మా వైపు వాడుక. రాత్రిపూట గొర్రెలు చేలో పడుకుంటాయి, ఆ ఎరువుకు రైతు డబ్బిస్తాడు. బయమ్మ ఏడిళ్ల గొర్రెలవాళ్లను ఒప్పించి, పన్నెండు దినాల మంద డబ్బు బడికని మాట తీసుకుంది. మంద పెట్టించుకున్నది నరేంద్ర. నలభై ఎకరాల ఆసామి, వేరుశనగ వ్యాపారి, రాబోయే సర్పంచి ఎన్నికల్లో నిలబడబోతున్నవాడు. ఇవ్వాల్సింది ఇరవై రెండు వేలు. కమిటీ మీటింగులోనే అందరి ముందూ ఇస్తానన్నాడు.

మీటింగులో మార్కండేయ సారు చాలా మర్యాదగా మాట్లాడాడు. “మీ సొమ్ము బడికి అప్పజెప్పండమ్మా. మిగతాది మేము చూసుకుంటాం.”

“పోయినసారి చూసుకున్నేది కమాను గదా సారూ?” అంది బయమ్మ.

“ఈ దుడ్లతో నీళ్లు రావు తల్లీ. మోటారు, ట్యాంకు, పైపులు అంతా కలిపి నలభై వేలు దాటుతాది. మోటారు పెడితే ట్యాంకుండదు, ట్యాంకు పెడితే మోటారుండదు. అందుకని ప్రస్తుతానికి ఒక సరస్వతీదేవి బొమ్మ పెట్టిస్తే...”

“మేలే సారూ. బొమ్మైతే మధ్యాన్నం ఇంటికి పోదు” అన్నాడు వెనక బెంచీలోంచి ఓబులేష్.

నవ్వులు ఆగాక బయమ్మ తన లెక్క చెప్పింది. గొర్రెలవాళ్లలో సగపాలు అనే ఏర్పాటు ఉంది. ఒకరు పిల్లను కొని ఇస్తే ఇంకొకరు మేపుతారు. అమ్మినప్పుడు పెట్టుబడి పెట్టినవాళ్లకు పెట్టుబడి తిరిగొస్తుంది, పైన వచ్చిన లాభం చెరిసగం. “ఈ దుడ్లకు అయిదు పొట్టేలు పిల్లలొస్తాయి. బడి పేరున కొందాం. మా ఇంటాయప్ప మేపుతాడు. బక్రీదు సంతకు అమ్మితే మోటారూ వస్తాది, ట్యాంకూ వస్తాది.”

“నీ మొగునికే పాలుకిచ్చుకుంటావా?” అన్నారెవరో.

“నీ మొగుడు మేపుతానంటే వానికే ఇస్తా. అడుగుపో.”

హెడ్మాస్టరు రిజిస్టరును ముందుకు లాక్కున్నాడు. “బడి పొట్టేళ్లు మేపేదేందమ్మా? స్టాకు రిజిస్టరులో ఏమని రాసేది? బల్లలు ముప్పై, గ్లోబు ఒకటి, పొట్టేళ్లు అయిదు అనా?”

“గ్లోబు కంటే పొట్టేలు నయం సారూ. అది పెరుగుతాది.”

నరేంద్ర గొంతు సవరించుకున్నాడు. “అంతా బాగుండాది గాని, నా పేరు యాడుంటాది?”

“నువ్విచ్చేది మంద పెట్టిన కూలి గదన్నా?”

“దుడ్లు నా జోబులోంచి వస్తాండాయి గదమ్మా. పేరు లేకుండా ఎట్లా ఇస్తారు ఎవరైనా?”

బయమ్మకు విసుగొచ్చింది. “గొర్రె మీద రాసుకోన్నా.”

మళ్లీ అందరూ నవ్వారు. నరేంద్ర నవ్వలేదు. గడ్డం గోక్కుని, “రెండు పక్కలా రాయొచ్చా?” అని అడిగాడు.

అట్లా ఆ తీర్మానం పాసయింది. పెయింటరు వచ్చి అయిదు పొట్టేలు పిల్లల మీదా ఎర్రరంగుతో ‘దాత: నరేంద్ర’ అని రాశాడు. ఒక బక్కపిల్ల మీద చోటు చాలక ‘దాత: నరే’ దగ్గర ఆగిపోయింది. చిక్కుడు పొట్టూ వేరుశనగ ఎండుతీగా తిని పొట్టేలు పిల్లలు లావెక్కేకొద్దీ పేరు కూడా లావెక్కింది. బొచ్చు పెరిగి, అక్షరాలు దూరం జరిగి, మే నెలకు అది ఎవరి పేరో చెప్పడం కష్టమైంది.

బక్రీదు ముందు జరిగే జీవాల సంతకు బెంగళూరునుంచి కూడా బేపారులు, అంటే జీవాల వ్యాపారులు, వస్తారు. అంత జనం ముందు పేరు వెలిసిపోయి ఉండటం నరేంద్రకు నచ్చలేదు. సంతకు ముందురోజు పెయింటరును మళ్లీ పంపాడు. ఈసారి అక్షరాలు చేటంత ఉన్నాయి. కొమ్ములకు పసుపు పూసి, నుదుట కుంకుమ పెట్టి, మెడకు బంతిపూల దండలు వేసి, కమానుకు కట్టేసి ఫోటోలు తీయించుకున్నాడు. కమాను కట్టినప్పటినుంచి అది ఒక పనికి రావడం అదే మొదలు.

మరునాడు మడకశిర దారిలోని సంతకు బయమ్మ, ఎర్రన్న వాటిని తోలుకుపోయారు. ఖర్చులకు రసీదులు రాయాలని నన్నూ రమ్మన్నారు. ఒక బేపారి చూపు దూరంనుంచే వాటి మీద పడింది. బలమైన జీవాలు. దగ్గరికొచ్చి వీపు నొక్కబోయినవాడు పసుపూ కుంకుమా పేరూ చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఏమ్మా, దేవరకు విడిచిన పొట్టేళ్లను సంతకు తోలుకొచ్చినావా?”

“దేవరవి కాదన్నా. బడివి.”

“బడా? అది యా ఊరి దేవర?”

“చదువుకునే బడన్నా!”

“మరి ఈ పేరెవరిది?”

“మా ఊరి నరేంద్రన్నది.”

“ఆయన ఏం కోరి విడిచినాడు?”

ఎర్రన్న నిజం చెప్పే మనిషి. “సర్పంచి కావల్లని” అన్నాడు.

“చూసినావా, మొక్కుబడే!” అని బేపారి రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. ఇంకొకరి దేవుడికి ఇచ్చినదాన్ని బక్రీదుకు ముస్లింలు కొనరు. గ్రామదేవతకు విడిచినదాన్ని కొనే ధైర్యం మనవాళ్లకూ లేదు. గంటలో ఈ వార్త సంతంతా పాకింది. కొనడం మాట అటుంచి, ఒక ముసలమ్మ వచ్చి ‘దాత: నరే’ పొట్టేలుకు దండం పెట్టి రూపాయి వేసిపోయింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. “తోలుకుపోదాం పా” అన్నాడు ఎర్రన్న. “నీ నీళ్లు ఇంతే. జూన్‌లో అమ్మికి ఒక కట్టె, ఒక గొడుగు కొనిస్తా. గొర్రెల ఎంబడి వస్తాది.”

బయమ్మ పొట్టేళ్లను చూసింది, వాటి మీది అక్షరాలను చూసింది. ఆమెకు అవి ఎర్ర గీతలు మాత్రమే. తర్వాత లేచి, చింతచెట్టు కింద కంబళ్లు అమ్ముకుంటున్న దాసప్ప దగ్గరికి పోయింది.

“దాసప్పా, కత్తెర తెచ్చినావా?”

“కత్తెర లేకుండా నేను యాడికి పోతానమ్మా?”

“అయిదింటికి బొచ్చు తియ్యి. ఇప్పుడే.”

దాసప్ప ఒక్కొక్కదాన్ని పడేసి, కాళ్లు బిగించి పట్టి, కరకరా కత్తిరించాడు. మొదట ‘దాత’ పోయింది. తర్వాత నరేంద్ర పోయాడు. కొమ్ముల పసుపును బయమ్మ తడిగుడ్డతో తుడిచింది. దండలను అవే తినేశాయి. “రంగు పడిన బొచ్చు కంబళికి పనికిరాదు తల్లీ” అని దాసప్ప ఆ బొచ్చంతా మూటకట్టి ఆమెకే ఇచ్చాడు.

కాసేపటికి ఆ బేపారే మళ్లీ వచ్చాడు. “ఇవి పొద్దున చూసినవేనా?”

“అవే. పొద్దున వాటికి పేరుండె. ఇప్పుడు లే.”

బేపారి నవ్వాడు. బొచ్చు తీస్తే చిన్నవిగా కనిపిస్తాయి కాబట్టి ధర కూడా చిన్నది చెప్పవచ్చని అతనికి తెలుసు. ఎర్రన్న చేతి మీద తువ్వాలు కప్పి, లోపల వేళ్లు నొక్కడం మొదలుపెట్టాడు. సంతలో బేరం అట్లాగే చేస్తారు, పక్కవాడికి తెలియకూడదని. బయమ్మ తువ్వాలు లాగేసింది.

“గుడ్డ కింద బేరాలొద్దన్నా. ఇది బడి సొమ్ము. నోటితో చెప్పు, అందరూ ఇననీ.”

అందరూ వింటుండగా తక్కువ చెప్పడానికి బేపారికి నోరు రాలేదు. అరవై రెండు వేలకు తెగింది. ఎర్రన్న తన పాలు ఇరవై వేలు అక్కడే తీసుకుని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. పెట్టుబడితో కలిపి బడి పాలు నలభై రెండు.

అక్కడినుంచి బయమ్మ నేరుగా మోటార్ల అంగడికి పోయింది. సెలవుల్లో ధర్మవరంలో ఉన్న హెడ్మాస్టరుకు నా ఫోనులో సంగతి చెప్పింది.

“అట్లా కొనగూడదమ్మా! ముందు బడి ఖాతాలో వేసి, తీర్మానం చేసి...”

“ఖాతాలో వేస్తే నీళ్లు ఖాతాలోనే ఉంటాయి సారూ. బిల్లులు తెస్తాండా. రిజిస్టరులో రాసుకో.”

మోటారు దిగింది, ట్యాంకు ఎక్కింది, కుళాయిలో నీళ్లు వచ్చాయి. నరేంద్ర కూడా వచ్చాడు, వెనక పెయింటరుతో.

“నా పేరు కత్తిరించినావంట?”

“కత్తిరించి పారేసినానా అన్నా? మూటకట్టి బడికి ఒప్పజెప్పినా. స్టాకు రిజిస్టరులో ఎక్కింది, అడుగు ఈ సారును.”

నిజమే. పొట్టేళ్లు అయిదు అన్నచోట కొట్టేసి, బొచ్చు మూట ఒకటి అని రాయించాడు మార్కండేయ సారు.

“సరే, ఈడ రాయిస్తా” అన్నాడు నరేంద్ర.

“రాయించు. ఆ సీతాకోకచిలుక కింద జాగా ఉండాది. ‘ఆడపిల్లల మరుగుదొడ్డి, దాత నరేంద్ర’ అని పెద్దగా రాయించు. ఎలక్షన్ల దాకా ఊరంతా చదువుకుంటారు.”

నరేంద్ర ఈసారి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. పెయింటరు కుంచె రంగులో ముంచి ఎదురుచూస్తున్నాడు. చివరికి, “వద్దులేమ్మా. గుప్తదానం అనుకో” అని వెళ్లిపోయాడు.

జూన్‌లో బడి తెరిచారు. మధ్యాహ్నం క్లాసులు సగం ఖాళీగా ఉండటానికి అలవాటుపడిన సోషల్ టీచరు సుజాత మేడం, ఇప్పుడు అందరికీ పాఠం చెప్పాల్సి వస్తోందని నాతో వాపోయింది.

ఒకరోజు రెండు గంటలప్పుడు ఎర్రన్న గొర్రెలను తోలుకుంటూ కమాను పక్కనుంచి వచ్చాడు. వరండాలో మినిట్స్ రాసుకుంటున్న నన్ను చూసి ఆగాడు.

“సారూ, మా అమ్మి లోపలుండాదా?”

“ఉంది. తొమ్మిదో తరగతిలో.”

“ఇంత మధ్యాన్నం కూడానా?”

“సాయంత్రం దాకా ఉంటుంది.”

ఎర్రన్న కట్టె మీద ఆనుకున్నాడు. “నీళ్లొస్తాయని ఎవరనుకున్నారు సారూ” అని నిట్టూర్చి, గొర్రెలను తానే అదిలించుకుంటూ పోయాడు.