పేరు కొట్టించిన డిస్కు

మా అల్లుడు నా మనవరాలి కోసం వీడియోగేమ్ డబ్బా కొందామనుకున్నప్పుడు, అందులో రెండు రకాలున్నాయని తేలింది. ఒకదానికి డిస్కు పెట్టే సందు ఉంటుంది. రెండోదానికి ఉండదు. ఆటలన్నీ నెట్‌లో కొని దించుకోవాలి. ఈ సంగతి చేవెళ్లలో మా వియ్యంకుడి ఇంటి ముందుగదిలో, చాయ్ తాగుతూ మాట్లాడుకున్నాం. ఆ గదిలో నాకు ఓటు లేదు. అయినా వేశాను.

“సందున్నదే తీస్కోన్రి,” అన్నాను.

“ఎందుకు బావా?” అన్నాడు వియ్యంకుడు. “డిస్కులకు దుమ్ము వడ్తది, గీతలు వడ్తయి. ఫోన్ల ఒత్తితే ఆటనే ఇంట్లకొస్తది.”

“వచ్చినదాన్ని చేత వట్టుకోవచ్చునా?”

“ఆటను వట్టుకునుడేంది బావా, ఆడుకునుడు గాని!”

అందరూ నవ్వారు. నా కడుపున పుట్టిన బిడ్డ కూడా అత్తగారింటి పక్షాన నిలబడి నవ్వింది. నేను నవ్వలేదు. సందున్న డబ్బాయే కొనాలని మూడు ఆదివారాలు పట్టు పట్టి కూర్చున్నాను. చివరికి అల్లుడు విసిగిపోయి, “సరే మామా, నీ మాటే కానీ” అన్నాడు.

నాకు ఆ సందు ఎందుకు కావాలో అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ దాచేదేముంది? నా మనవరాలు ఉండేది వియ్యంకుడి ఇంట్లో. పొద్దున స్కూటర్ మీద బడికి దింపేది ఆయన. సాయంత్రం తెచ్చేది ఆయన. జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయేది ఆయన. ఆఫీసులో కుర్చీ అరగదీసి రిటైరై, నెల తిరగగానే పింఛన్ వచ్చే మనిషి, ఆయనకు వేరే పనేముంది? నాకు దక్కేది ఆదివారం ఒక్కటే. చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, మొయినాబాద్‌లో బస్సెక్కితే మధ్యాహ్నానికి చేవెళ్ల. పొద్దు గూకక ముందే తిరుగు బస్సు. మనవరాలు నన్ను “మొయినాబాద్ తాత” అంటుంది, ఆయన్ను “చేవెళ్ల తాత” అంటుంది. ఇద్దరికీ సమానంగా పంచినట్టే కనిపిస్తుంది. కానీ నేను లేనప్పుడు ఆయన ఉత్త “తాత” అని మా బిడ్డ ఒకసారి నోరు జారి చెప్పింది. నేను గడప దాటి లోపలికొస్తేనే ఆయనకు ఊరిపేరు తగులుతుంది. నాకు మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఊరిపేరున్న తాత అంటే చుట్టం కిందే లెక్క.

ఫోన్‌లో ఒత్తి ఇచ్చేదంతా ఆయన చేతిలో పని. సందు లేని డబ్బా వస్తే, ఆ ఇంట్లోకి నేను ఏమన్నా పట్టుకుపోయే తోవ కూడా మూసుకుపోతుంది. నా భయం అది.

నేను నాలుగో తరగతి దాకే బడికి పోయాను. బోరుబావుల మోటార్లకు కాయిల్ చుట్టి బతికాను. సురంగల్ నుంచి అజీజ్‌నగర్ దాకా నా చేతి కింద లేచిన మోటార్లు ఎన్నో. ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది కూడా మోటారు మీద బిగించిన రేకు చూసి. ఆ రేకు మీద మోటారుకు సంబంధించినవన్నీ ఉంటాయి, ఎక్కడ పుట్టిందో, ఎంత లాగుతుందో. రేకు ఊడిపోయిన మోటారు వస్తే తండ్రి పేరు తెలియని బిడ్డలా ఉండేది. వస్తువన్నాక దాని మీద ఒక పేరుండాలని నాకు అప్పటి నుంచే పట్టుకుంది.

డబ్బా వచ్చిన వారానికి, పట్నం పోయి ఒక డిస్కు కొన్నాను. కార్ల పందెం ఆట, ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడేది. దుకాణంవాడు ఏవేవో చూపించాడు గానీ “ఇద్దరు ఆడేదే ఇయ్యి” అన్నాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. మనవరాలు పైనున్న పల్చటి కవరు పళ్లతో చించి, డబ్బీ తెరిచి వాసన చూసింది. డిస్కును అంచులు పట్టుకుని సందులో పెట్టింది. డబ్బా దాన్ని మెల్లగా లోపలికి గుంజుకుంది. నా గుండె కూడా దాంతోపాటు లోపలికి పోయింది.

“నువ్వు ఎర్ర కారు తాతా. గీ బటన్ ఒత్తితే ఉరుకుతది.”

“ఆపేదేది?”

“ఆపుడెందుకు?”

నా కారు మొదటి మూలకే పొలంలోకి దిగింది. రెండో పందెంలో గోడకు గుద్దింది. మూడోదాంట్లో వెనక్కి తిరిగి, ఎదురొచ్చే బండ్ల మీదికి పోయింది. మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నేను కావాలనే ఇంకో గోడకు గుద్దాను. వెనక కుర్చీలో వియ్యంకుడు పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు. చాలాసేపటిదాకా పేజీ తిప్పలేదు. నేను చూశాను.

తర్వాతి ఆదివారం పోయేసరికి మనవరాలు వంటల ఆట ఆడుతోంది. చేవెళ్ల తాత కొనిచ్చాడట. ఎట్లా అంటే, సోఫాలో కూర్చుని, చాయ్ చల్లారేలోపు, ఫోన్‌లో. అల్లుడు ఆయన ఫోన్‌లో ఏదో కలిపి పెట్టాడు. ఆ పై వారం కుస్తీల ఆట. ఆ పై వారం రాకెట్లు. డబ్బా తెరిస్తే టీవీ నిండా ఆయనిచ్చిన బొమ్మలే వరసగా నిలబడుతున్నాయి. నా ఆట బొమ్మ కూడా అక్కడే ఒక మూలకు ఉంది, కానీ దాన్ని ఒత్తితే “డిస్కు పెట్టు” అని అడుగుతుంది.

“మన కార్లు ఆడుదామా బిడ్డా?”

“లేవాలె తాతా. డిస్కు పెట్టాలె.”

“లే మరి.”

“జర ఆగు, గీ వంట ఒడవనీ.”

ఆ వంట ఎంతకీ ఒడవలేదు. నా బస్సు టైమైంది. గేటు దాకా వచ్చిన వియ్యంకుడు, “చూసినవా బావా, లేచే పని లేదు, ఎతికే పని లేదు” అన్నాడు, మంచిమాట చెప్పినట్టు. నాకు బస్సంతా అదే మాట. లేవకుండా తీసుకునేది కానుకెట్లా అవుతుంది? మేము పెద్దవాళ్లు ఏదన్నా ఇస్తే లేచి, రెండు చేతులు చాచి తీసుకున్నవాళ్లం.

నెల తిరగకముందే ఇంకో దెబ్బ. డిస్కును మనవరాలు తన తరగతి పిల్లకు ఆడుకోమని ఇచ్చింది. ఆ పిల్ల ఇంకో పిల్లకిచ్చింది. తిరిగొచ్చింది డబ్బీ ఒక్కటే, లోపల ఎవరిదో పెళ్లి వీడియో డిస్కు. వియ్యంకుడికి సందు దొరికింది.

“గందుకే చెప్పిన బావా. నా ఆటలు ఎవ్వరికన్న ఇద్దామన్నా ఇయ్యరాదు. ఎక్కడికి పోవు.”

ఇంటికొచ్చి మా ఆడమనిషి ముందు ఈ గోసంతా వెళ్లగక్కాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది.

“ఏమయ్యా, ఇచ్చిన సామాను తిరిగి రావాలంటే ఏం జేస్తం? పేరు కొట్టిస్తం. మా అవ్వ పెట్టిన గంజు గిన్నె, ఎన్ని లగ్గాలకు పోయింది, ఎన్ని వంటల కాడ పన్నది? పేరుండబట్టి ఇంటికొచ్చింది గదా. దోస్తులకు ఇయ్యొద్దని పిల్లను కొడ్తవా? పేరు కొట్టియ్యి.”

ఆమె ఊరికే అంది. కానీ నాకు చీకట్లో బల్బు వేసినట్టయింది. నిజమే కదా. మా ఇళ్లలో పెళ్లికి ఏ బిందె పెట్టినా, చెంబు పెట్టినా, స్టీలు దుకాణంలోనే మెడ మీద ఇచ్చినవాళ్ల పేరు చుక్కలు చుక్కలుగా కొట్టిస్తాం. గిన్నె వాడకట్టంతా తిరిగినా పేరు చూసి ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారు. తేకున్నా, ఎవరింట్లో ఉన్నా, మూత తీసినప్పుడల్లా మన పేరు కనపడుతుంది. ఫోన్‌లోంచి దిగిన ఆటకు ఆయన పేరెక్కడ కొట్టిస్తాడు?

మళ్లీ పట్నం పోయాను. అదే ఆట డిస్కు ఇంకోటి కొన్నాను. ఈసారి నేరుగా ఇంటికి పోకుండా చేవెళ్ల బజారులో స్టీలు సామాన్ల దుకాణానికి పోయాను. మా బిడ్డ పెళ్లికి సామానంతా తీసింది అక్కడే. పేర్లు కొట్టే అతను కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, డిస్కును అటూ ఇటూ తిప్పాడు.

“దీని మీదనా పెద్దాయనా? ఇంతవరకు కొట్టలే.”

“మోటార్ల మీద రేకులే ఉంటయి, దీని మీద పేరుండొద్దా?”

“పలుగుతదేమో.”

“నీ చెయ్యి అంత బరువా? జర అల్కగ కొట్టు.”

“ఏ దిక్కు కొట్టాలె?”

ఒక దిక్కు కార్ల బొమ్మలు, రాతలు, సందు లేకుండా నిండి ఉంది. అందులో నా పేరు పెడితే ఎవరికి కనబడుతుంది? రెండో దిక్కు అద్దంలా ఖాళీగా మెరుస్తోంది. కొత్త స్టీలు పళ్లెం కన్నా నున్నగా ఉంది.

“మెరిసే దిక్కే,” అన్నాను.

అతను పెన్ను లాంటి మిషన్ పట్టి, ప్రాణం ఉగ్గబట్టి కొట్టాడు. ‘మొయినాబాద్ తాత ఇచ్చినది’. అంచు వెంబడి గుండ్రంగా, ఒక్క అక్షరం వంకర పోలేదు. నేను దాన్ని ఎండకు పట్టి చూసుకున్నాను. రంగులన్నీ నా పేరు మీదుగా పారుతున్నాయి. పగలలేదు కూడా.

ఆ ఆదివారం అందరినీ ముందుగదికి పిలిచి మరీ ఇచ్చాను. మనవరాలు చదివి, ఒకసారి నా మొహం చూసింది, ఒకసారి వాళ్ల నాన్న మొహం చూసింది. తర్వాత సందులో పెట్టింది. డబ్బా లోపలికి గుంజుకుంది. గర్రుమంది. కాసేపు ఆగి మళ్లీ గర్రుమంది. నాలుక బయట పెట్టినట్టు డిస్కును బయటికి తోసింది. తుడిచి పెట్టింది. మళ్లీ తోసింది.

అల్లుడు మెల్లగా చెప్పాడు. “మామా, ఆట రాసి ఉండేది గా మెరిసే దిక్కే.”

వియ్యంకుడు అప్పటిదాకా ఓర్చుకున్నాడు. ఇక ఆయనతో కాలేదు. “బావా! బిందె మీద కొట్టిచ్చినట్టు కొట్టిచ్చినవా! పెండ్లికి సదివిచ్చుడేనా ఇగ!” కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, జాలి కూడా పడ్డాడు. అదే నాకు ఎక్కువ కాలింది. “ఫికర్ జెయ్యకు, గదే ఆట నేను ఇప్పిస్త” అని ఫోన్ తీశాడు. నా చాయ్ చల్లారలేదు. టీవీలో నా కార్ల పందెం బొమ్మ, డిస్కు అడగకుండా తెరుచుకుంది. ఇన్నాళ్లూ నాదన్నది అదొక్కటి ఉండేది. అది కూడా ఆయనదైపోయింది.

నలభై ఏళ్లు కాలిన కాయిళ్ల వాసన చూసి ఏ తీగ తెగిందో చెప్పిన మనిషిని. ఏ దిక్కు పని చేస్తుందో, ఏ దిక్కు సోకుకో, అడగాలన్న బుద్ధి పుట్టలేదు. మోటారు రేకును కాయిల్ మీద కొడతామా ఎవరమైనా? బస్సులో ఇదే తిట్టుకున్నాను. ఆయన్ను తిట్టింది వేరే.

రెండు ఆదివారాలు పోలేదు. మోకాళ్ల నొప్పులని చెప్పాను. మా ఆడమనిషి, “మోకాళ్లు కాదు, కండ్లు మండుతున్నయి నీకు” అంది. మూడో ఆదివారం ఆమే సంచిలో చిక్కుడుకాయలు పోసి చేతికిచ్చి తోలింది.

చేవెళ్లలో గేటు తీస్తుండగానే కళ్లలో తళుక్కుమని వెలుగు కొట్టింది. వాకిట్లో వియ్యంకుడి జామచెట్టు. చిలకలు కాయలు కొట్టకుండా కొమ్మకు పాత డిస్కు కట్టి ఉంది. కాదు, పాతది కాదు. గాలికి తిరిగినప్పుడల్లా ‘మొయినాబాద్ తాత ఇచ్చినది’ అని నా మొహం మీద మెరుస్తోంది. నా ఒళ్లు మండిపోయింది.

“బావా! నా పేరును ఉరి తీసినవా నువ్వు?”

వియ్యంకుడు కుర్చీలోంచి లేచాడు. “నేనెందుకు కడ్త బావా? చెత్త బండికి ఎయ్యమన్న నేను.”

“నేను కట్టిన తాతా!” మనవరాలు మెట్లు దిగి ఉరికి వచ్చింది. “పారెయ్యమన్నడు చేవెళ్ల తాత. పేరున్నదాన్ని ఎట్ల పారేస్తరు? చిలకలు వస్తలేవు తెలుసా, ఒక్కటి గూడ వస్తలేదు.”

ఇక దింపమని నేను అనలేదు. ఆయన జామచెట్టుకు నా పేరు కావలి కాస్తుంటే ఎందుకు దింపుతాను?

మనవరాలు నన్ను లోపలికి గుంజుకుపోయి, నా చేతిలో రెండో రిమోటు పెట్టింది. ఆట ఆయనిచ్చినదే. అడ్డమైన ఆటే, అయినా మంచి ఆట. నా ఎర్ర కారు మొదటి మూల దాటింది.

“నేను రాని రెండు వారాలు ఎవరాడిన్రు గీ రిమోటుతోని?” అడగకూడదనుకుంటూనే అడిగాను.

“ఎవ్వరు లేరు.”

“చేవెళ్ల తాత ఉన్నడు గదా.”

“ఆయనెక్కడ ఆడ్తడు తాతా? కొంటడు గంతే.”

వెనక కుర్చీలో పేపరు చప్పుడు ఆగిపోయింది. నేను తిరిగి చూడలేదు. పందెం అయిపోయాక, దగ్గి, గొంతు సవరించుకుని, వియ్యంకుడు వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు.

“బావా, జర నాకియ్యి ఒకసారి. చూస్త, ఎట్లుంటదో.”

చెయ్యి చాచాడు. పొద్దున స్కూటర్ మీద పిల్ల ముందు నిలబడేది ఆయన దగ్గర. జ్వరమొస్తే పిలిచేది ఆయన్ని. ఊరిపేరు లేని తాత. ఇన్ని ఉన్న మనిషి నా చేతిలోని ఆ ప్లాస్టిక్ ముక్క వైపు చూస్తున్నాడు, ఆకలైనవాడిలా.

“ఇస్త బావా,” అన్నాను. “ఇంకొక్క పందెం ఒడవనీ.”

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆయన అడుగుతూనే ఉన్నాడు. నేను అదే మాట చెప్తూనే ఉన్నాను.