బొగ్గు బస్సులో జనానా పరదా

పెట్రోలు దొరకని రోజుల్లో మా అన్న కోదాడ నుంచి సూర్యాపేటకు బొగ్గు బస్సు నడిపేవాడు. బస్సు వెనక నిలువెత్తు ఇనుప పీపా. అందులో కట్టెబొగ్గు రాజేస్తే గ్యాసు పుట్టి, గొట్టం గుండా ఇంజన్‌కు పోయేది. బొగ్గు మిర్యాలగూడ వైపు నుంచి బండ్ల మీద వచ్చేది. పొద్దున్నే అన్న పడే చాకిరీ చూసి మా అమ్మ, "బర్రెను సాదినా ఇంత పనుండదు గదరా" అనేది. బూడిద తోడాలి. గ్యాసును వడగట్టే కొబ్బరిపీచు దులిపి ఆరబెట్టాలి. పీపా మూత అంచుకు తాడు చుట్టి, సందులకు తడిమన్ను మెత్తాలి. గొట్టం చివర అగ్గిపుల్ల గీసి పెడితే పొగ లేకుండా నీలిమంట రావాలి. అప్పుడే ఇంజన్‌కు కలిపేవాడు.

"పొగకు భయపడకుండ్రి, అది కండ్లకు కనబడ్తది. పొగ పోయినంకనే అసలు విషం. కనబడదు, వాసన రాదు" అనేవాడు. బండి నడిచినంతసేపు ఇంజన్ ఆ గ్యాసును పీల్చుకుంటుంది. ఆపితే పీల్చే దిక్కుండదు. మిగిలింది ఏ సందు దొరికితే ఆ సందున బయటికి వస్తుంది. అందుకే ఎక్కడ ఆపినా అందరినీ దిగమనేవాడు. మగవాళ్లు దిగేవాళ్లు. పీపాను ఆనుకుని ఉన్న వెనక భాగం మాత్రం జనానా, ఆడవాళ్లు కూర్చునే చోటు, చుట్టూ పరదా. ఆడవాళ్లను రోడ్డు మీద నిలబెడతావా అని మా అన్నను తిట్టనివాళ్లు లేరు. పరువు ముందు ప్రాణమెంత!

వదినకు నెలలు నిండాయి. సూర్యాపేట దవాఖానలో చేర్పించాలని అన్న బస్సులోనే బయలుదేరాం. జనానాలో వదిన, అమ్మ, నేను, ముగ్గురమే. చలిగాలి కొడుతోంది. నడుము నొప్పని వదిన పీపా వైపు ఉన్న బస్సు గోడ పలకకు వీపు ఆనించి కూర్చుంది. "మీ అన్న కంటె ఈ పలకనే నయం, జర వెచ్చగుంటది" అని నా చెవిలో చెప్పి నవ్వింది.

సగం దారిలో తుపాకులవాళ్లు బండి ఆపారు. వాళ్లు ఎవరి మనుషులో అడిగే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికీ లేదు. మగవాళ్లను దింపి, చేతులెత్తించి వరసలో నిలబెట్టారు. ఇంజన్ ఆగిపోయింది. వాళ్ల కళ్లు కోడలి మీద పడకూడదని అమ్మ పరదా తాళ్లన్నీ గబగబా బిగించి ముడులేసింది.

బయటినుంచి అన్న అరిచాడు. "అమ్మా, పరదా ఇప్పు! కిందికి దిగుండ్రి!"

దెబ్బ పడిన చప్పుడైంది. మళ్లీ అరిచాడు. మళ్లీ దెబ్బ.

"వాన్ని కొట్టి గట్ల చెప్పిస్తున్నరు. కదలకుండ్రి" అంది అమ్మ, మా ఇద్దరి చేతులూ పట్టుకుని. అన్న నోరు మూసుకోలేదు, దెబ్బలూ ఆగలేదు.

కాసేపటికి నా తల పగిలిపోసాగింది. వాంతి ఆగక అమ్మ చెయ్యి విదిలించుకుని పరదా కిందినుంచి దూరి రోడ్డు మీద పడ్డాను. నన్ను లోపలికి లాగడానికి అమ్మ తల బయట పెట్టింది. మేమిద్దరం మిగిలింది అందుకే.

వాళ్లు వదలగానే అన్న పరుగెత్తుకొచ్చి తాళ్లు కోసేశాడు. వదిన పలకకు ఆనుకునే ఉంది. బుగ్గలు ఎర్రగా, ఎన్నడూ లేనంత కళగా ఉన్నాయి.

"పండుకున్నదిరా, లేపకు" అంది అమ్మ. అన్న ఆమెను రోడ్డు మీద పడుకోబెట్టి భుజాలు కుదుపుతుంటే, "పొగ లేకపాయె గదరా... పొగనే లేకపాయె" అంటూనే ఉంది. బిడ్డ కూడా తల్లితోనే పోయింది. అమ్మ మీద నాకు ఇప్పటికీ కోపం రాదు. ఆ పరదాను కనిపెట్టినవాళ్ల మీద వస్తుంది.

అన్న ఆ బస్సే నడిపాడు, వేరే బతుకుదెరువు లేదు. ఆగిన ప్రతిచోటా వెనక్కి పరుగెత్తి తన చేత్తోనే పరదా ఎత్తేవాడు. సిగ్గులేనివాడని పేరు పడింది. ఒకసారి నా కళ్లముందే ఒక పెద్దమనిషి, నా భార్య ఉన్న పరదా ఎత్తుతావా అని అన్న చెంప పగలగొట్టాడు.

అన్న పరదా వదల్లేదు. "ముందు ఆమెను దించయ్యా" అన్నాడు. "దించినంక ఇంకోటి కొట్టు."