కెమెరాల అప్పారావు గారి బేరం

హుకుంపేట సంతలో ఒక కుటుంబాన్ని వరసగా నిలబెట్టి మీట నొక్కబోతుండగా, అరకు బస్సు కండక్టరు దిగి వచ్చి, "కెమెరాల బాబు పోనారమ్మా, తెల్లారగట్ట" అన్నాడు. కెమెరా చేతిలోనే ఉంది, అందులో నాకేమీ కనిపించలేదు. కిందటి వారమే "వానలొచ్చేత్తన్నాయి, పెట్టిలో బియ్యం మార్చినావా?" అని అడిగిన మనిషి. ఆ గొంతు ఇక వినపడదంటే మనసొప్పలేదు.

కొండల్లోకి రైలు వచ్చిన కొత్తలో అప్పారావు గారు విజయనగరం వైపు నుంచి వచ్చి, అరకు స్టేషను దగ్గర చిన్న కొట్టు పెట్టారు. కింద మైదానంలో స్టూడియోల వాళ్ళు వదిలించుకున్న పాత కెమెరాలు కొని, బాగుచేసి అమ్మేవారు. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో కొనడం, ముహూర్తాలున్న మాఘంలో అమ్మడం ఆయన పద్ధతి. ఈ రెండింటి మధ్యా మా కొండల పొగమంచే ఆయనకు శత్రువు. వాడకుండా ఉంచిన కెమెరాకు లెన్సులో బూజు పడుతుంది, ధర పడిపోతుంది. అందుకే తేమ పీల్చడానికి ప్రతి పెట్టెలోనూ వేయించిన బియ్యం మూట ఉంచేవారు. "కెమెరా ఎండలో తిరిగితేనే బతుకుతాది" అనేవారు.

మా ఆయన ఫోటోలు తీసేవాడు. ఆయన చనిపోయిన ఏడాది ఆషాఢంలో, ఆయన వాడిన రెండు కళ్ళ కెమెరాను, అదే ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులుండే దాన్ని, అమ్మకానికి పట్టుకెళ్ళాను. అప్పారావు గారు లెన్సును కిటికీ వెలుగుకు పెట్టి చూశారు.

"మూలకి బూజుంది తల్లీ. పైగా ఆషాడం. సగమే వత్తాది. మాఘం దాకా ఆగు."

"మాఘం దాకా పిల్లలు ఏటి తింటారు బాబూ?"

ఆయన గల్లాపెట్టె తెరిచారు. తరవాత సగం ధర ఇచ్చి, కెమెరా మళ్ళీ నా చేతిలోనే పెట్టారు.

"ఇది ఇక నాది. నువ్వు సంతలకి అట్టుకెళ్ళి ఫోటోలు తియ్యి. నీకు కూడు, నా సరుక్కి ఎండ. మాఘానికి ఇదే సొమ్ము తెత్తే నీకే ఇచ్చేత్తాను, లేపోతే అమ్మీత్తాను. ధర్మం కాదు, బేరం."

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఆయన చూపించిన, లెన్సు చుట్టూ ఉన్న అంకెలే నా మొదటి పలక. చదవడం, రాయడం చాలా ఏళ్ళ తరవాత వచ్చాయి. మొదటి ఫోటో ఆయనదే, కొట్టు ముందు నిలబెట్టి తీశాను. కడిగి చూస్తే మోకాళ్ళ కింద ఏమీ లేదు. "కాళ్ళు తెగ్గొట్టీసినావు కదే గుంటా! ఇంటికెలా ఎల్లాల నేను?" అని పొట్ట పట్టుకుని నవ్వారు. సంతలో ఒక కొండ ముసలమ్మ మాత్రం నవ్వలేదు. తన ఫోటో చూసి, "కాళ్ళేవి? నాను నడిసి రానేదేటి?" అని అక్కడే వదిలేసి పోయింది. వెనక్కి జరిగి నిలబడడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

మాఘం వచ్చింది. సొమ్ము కూడలేదు. బొర్రా గుహలు చూసి వచ్చిన ఒక ఆఫీసరు గారు కొట్టులో నా చేతిలోని కెమెరా చూసి మంచి ధర చెప్పారు. కెమెరా తీసి బల్ల మీద పెట్టాను. అప్పారావు గారు అబద్ధమాడి అమ్మే మనిషి కారు. ఎవరికైనా ముందు లోపం చూపించేవారు, ఆ వెంటనే "ఫోటోలో కనపడదు బాబూ" అనేవారు, అదీ నిజమే. ఆ రోజూ లెన్సు వెలుగుకు పెట్టి "ఇదిగోండి, బూజు" అన్నారు. ఆ రెండో మాట మాత్రం అనలేదు. ఆఫీసరు గారు వెళ్ళిపోయారు.

"ఏటి బాబూ, మాఘం వచ్చీసింది కదా?" అన్నాను.

"ఈ ఏడు ఆలీసంగా వత్తాదిలే. బేగి ఎల్లు, ఎండుంది" అన్నారు.

మరుసటి మాఘం రాకముందే సొమ్ము తీర్చి కెమెరా నాదిగా చేసుకున్నాను.

పెద్దకర్మ నాడు పటం కోసం వెతికితే, ఊరందరికీ కెమెరాలు అమ్మిన మనిషికి ఉన్నది ఒక్క ఫోటోయే, నేను కాళ్ళు తెగ్గొట్టినది. దానికే దండ వేశారు. సరుకు లోపం తానే ముందు చెప్పే షావుకారు ఈ కొండలకు మళ్ళీ దొరకడని అందరూ అనుకుంటుంటే, కొండ దిగి వచ్చిన ఒక తాత ఆ పటం వైపు చాలాసేపు చూశాడు.

"కాళ్ళు నేవు కదా, ఇంకెక్కడికెల్తాడు? ఇక్కడే ఉంటాడు మన బాబు."

ఇంటికి వచ్చి, పెట్టెలో బియ్యం మార్చాను.