కీ ఒప్పుకోని సుందరి మేడమ్

మలికిపురంలో మా కాలేజీకి ఫిజిక్స్ లెక్చరర్ సుందరి మేడమ్. వాళ్ల నాయనమ్మ ఈ చేలల్లోనే కూలికి నాట్లు వేసింది. మేడమ్ విశాఖలో ఎమ్మెస్సీ చేశారు. మొదటి సంగతే బాగా గుర్తుపెట్టుకునే జనం ఇక్కడ ఎక్కువ. నేను కాలేజీలో డైరెక్టర్ గది గుమ్మం పక్కనే జిరాక్స్ మిషన్ నడుపుతాను. అంతా నా కళ్లముందే జరిగింది.

మా కాలేజీలో శనివారం పరీక్ష, మార్కుల్ని బట్టి సోమవారం సెక్షన్ల మార్పు. ఒక వారం పరీక్షలో ఈ బిట్ వచ్చింది: రెండు వైపులా మాయా సంఖ్యలున్న స్థిరమైన కేంద్రకం ఏది? ఎనిమిది, ఇరవై లాంటివి మాయా సంఖ్యలు. ప్రోటాన్లైనా న్యూట్రాన్లైనా సరిగ్గా అన్ని ఉంటే కేంద్రకం గట్టిగా నిలుస్తుందని లెక్క. కీలో జవాబు ఆక్సిజన్-28. ఎనిమిది ప్రోటాన్లు, ఇరవై న్యూట్రాన్లు. సత్యశ్రీ అనే అమ్మాయి ఎనిమిది ప్రోటాన్లు, ఎనిమిది న్యూట్రాన్లున్న ఆక్సిజన్-16 పెట్టింది. ఆ మార్కులు పోయి ఏ సెక్షన్ నుంచి బి సెక్షన్‌కి జారిపోయింది.

మేడమ్ తిన్నగా డైరెక్టర్ గంగబాబు గారి గదికి వెళ్లారు.

"సత్యశ్రీ పెట్టిన పదహారే కరెక్టండి. ఇరవై ఎనిమిది నిలవదు. జపాన్లో తయారుచేసి చూసేరు. పుట్టీపుట్టగానే నాలుగు న్యూట్రాన్లు ఊడిపోయేయి."

"ఇరవై మాయా సంఖ్య కాదేంటమ్మా?"

"ఆయ్, అవునండి. అయినా ఎనిమిది ప్రోటాన్లు అన్ని న్యూట్రాన్లని పట్టుకోలేవు. మనం లెక్కేసేమని అది నిలబడదు కదండీ."

"కీ హెడ్డాఫీసు నుంచొచ్చింది. అన్ని బ్రాంచీల్లో ఇదే."

"అయితే అన్ని బ్రాంచీల్లోనూ తప్పేనండి."

ఆయన నవ్వారు. "ఆ పిల్ల మీ చుట్టాలమ్మాయా?"

"కాదండి. సరిగ్గా చదివిన అమ్మాయి."

గంగబాబు గారు ఒక తెల్ల కాగితం ముందుకు తోశారు. "కీ కరెక్టేనని రాసి సంతకం పెట్టండి. లేదా రేపట్నుంచి మీరూ బి సెక్షన్‌కే పొండి."

బి సెక్షన్‌కి దించిన లెక్చరర్‌ని మరుసటి ఏడాది పిలవరు. ఆ సంగతి మేడమ్‌కి తెలుసు. నాలుగేళ్లలో ముగ్గురు అలాగే పోయారు. వాళ్లలో ఒక్కరూ నోరెత్తలేదు.

మేడమ్ కాగితాన్ని అలాగే వెనక్కి తోసేశారు. "బి సెక్షన్ ఏ గదండీ?"

మర్నాడు తొమ్మిదింటికి బి సెక్షన్ బోర్డు మీద ఆ బిట్టే ఉంది. కింద పెద్దక్షరాలతో: కీ తప్పు. ఎందుకో ఇప్పుడు చూద్దాం. గంగబాబు గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ముందు బెంచీలో సత్యశ్రీ తల దించేసుకుంది.

"తల దించకమ్మా, బోర్డు చూడు," అని మేడమ్ ఆయన వైపు తిరిగారు. "లోపలికొచ్చి కూర్చుంటారా అండీ, తలుపేసుకోమంటారా?"