పెద్దమ్మకు చదివి వినిపించిన ఉత్తరం

పెద్దమ్మకు నుదుట ఇంత బొట్టు, చేతులనిండా ఆకుపచ్చ గాజులు. మరాఠీ గడ్డమీది మా దుర్గాపూర్ గని కాలనీలో ఏ ఇంట్లో హల్దీకుంకూ అనే ముత్తైదువల పేరంటం జరిగినా ముందు ఆమెకే పిలుపు. పెదనాన్న డెబ్బై ఒకటి యుద్ధంలో కనిపించకుండా పోయాడు. కొన్నేళ్లకు, చనిపోయినట్టే లెక్కని సర్కారు కాగితం వచ్చినా ఆమె ఒప్పుకోలేదు. ఆమె నమ్మింది ఒక్క ఉత్తరాన్నే.

పెదనాన్నతో కలిసి పనిచేసిన తెలుగు సిపాయి మా నాన్నకు రాసిన ఉత్తరమది. పెద్దమ్మకు చదువు రాదు. ఏటా దసరా ముందు ట్రంకుపెట్టెలోంచి తీసి మరిది చేతికిచ్చేది. బొగ్గుగని డ్యూటీ దిగి, స్నానం చేసి వచ్చి, నాన్న గడగడా చదివేవాడు. "మీ అన్న దుష్మన్లకు చిక్కిండు. పాణంతోనే ఉన్నడు. ఎప్పటికన్న వస్తడు." మర్నాడు పెద్దమ్మ కొత్త గాజులు వేయించుకునేది.

నాన్న చనిపోయిన ఏడాది ఆ ఉత్తరం నా చేతికొచ్చింది. నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగులో ఎంతసేపైనా వాగుతాను గానీ, చదువు మాత్రం గుణింతాల దగ్గరే ఆగిపోయింది. పట్టుబట్టి నేర్చుకున్నది ఈ సంగతి జరిగిన తర్వాతే.

"నాకు సక్కగ రాదు పెద్దమ్మా."

"మెల్లగ సదువు బిడ్డా. నాకేం తొందర."

ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివాను. "తమ్మీ... మీ అన్నను... నా చేతులతోనే... మట్టిచేసిన. వదినెకు... నువ్వే చెప్పు."

అక్షరాలతో కుస్తీ పడుతూ అర్థం చూసుకోలేదు. పెదనాన్నను పూడ్చిపెట్టిన సంగతే అదని తెలిసేసరికి మాట నోరు దాటిపోయింది. బాగా చదవగలిగితే ముందే చూసుకుని, నాన్నలాగే ఏదో ఒకటి కల్పించి చెప్పేవాణ్ని. ఆ పాటి చదువు కూడా నాకు లేకపోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది. నాన్న మీద అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

పెద్దమ్మ వెనక్కి జరిగి గోడకానుకుంది.

"యాభై ఏండ్లు నన్ను ఏడ్వనియ్యలే మీ బాపు," అంది. "సొంత అన్న పోతే తను గూడ ఏడ్వలే."

నేను ఉత్తరం మడవబోతే చెయ్యి పట్టుకుంది.

"మొదటికెల్లి మళ్ల సదువు."

రెండోసారి నేనెక్కడా తడబడలేదు. చదవడం పూర్తికాకముందే, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నోట పలకని పెనిమిటి పేరు పెట్టి పిలుస్తూ పెద్దమ్మ ఏడ్చింది.