మస్తాన్‌బీ అక్క ఎవరినీ అడుక్కోలేదు

మస్తాన్‌బీ అక్క ఇక లేదు. పోయిన మంగళవారం పొద్దున సబా అల్ సలేంలో మా మామా, అంటే మా యజమానురాలి, ఇంట్లో గిన్నెలు కడుగుతుండగా ఫోను మోగింది. "సత్యా, అక్క పోయింది" అన్న మాట విని, కుళాయి కట్టేయడం కూడా మరిచి నిలబడిపోయాను. అంతకు రెండు రోజుల ముందే ఆస్పత్రి మంచం మీద కూర్చుని నాతో గొడవపడిన మనిషి. ఆయాసం తగ్గింది, గురువారం పంపించేస్తారని చెప్పిన మనిషి. గుండె ఆగిందట. అంత మొండి గుండె ఎవరి అనుమతితో ఆగిందో నాకు తెలియదు. దుఃఖం కన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఆమెను ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఊరు రాయచోటి. భర్త పోయాక కువైట్ వచ్చి ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో వంట చేసింది. బళ్ళో చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు మాత్రం ఆ ఇంటి చిన్నపిల్ల పుస్తకాల్లోంచి నేర్చుకుంది. పిల్ల హోంవర్కు చేస్తుంటే పక్కన కూర్చుని పాలు తాగించేది. గ్లాసు ఖాళీ అయ్యేలోగా ఎన్ని మాటలు దొరికితే అన్ని. ఏడాది చివర పారేసిన పుస్తకంలోంచి ఒకే ఒక్క పేజీ చింపి దాచుకుంది. ఆ పేజీ నిండా 'ఆస్క్' అనే క్రియాపదం, దాని చుట్టూ దాని బంధువర్గం: ఎంక్వయిర్, రిక్వెస్ట్, ఇన్వైట్, డిమాండ్. ఫహాహీల్‌లో తన చెల్లెలి ఫ్లాటులో శుక్రవారం మధ్యాహ్నాలు ఆమె మాకు, ఇళ్ళలో పనిచేసే తెలుగు ఆడవాళ్ళకు, చెప్పిన చదువంతా ఆ పేజీయే.

మొదటి రోజు నేను నవ్వాను. ఇంటర్ పాసయ్యానన్న పొగరు. "ఒక్క మాటకి ఇన్ని వారాలేంటక్కా?" అన్నాను.

"వారాలేంది మే, నాకు పదేండ్లు పట్టింది" అంది. "దారి తెలీకపోతే అడుగుతావు, అదొకటి. మర్యాదగా అడుగుతావు, అదొకటి. మనిషిని అన్నానికి రమ్మని అడుగుతావు, దానికీ ఆ మాటే. నీది నీకియ్యమని గట్టిగా అడుగుతావు, అది డిమాండు. ఏది యాడ వాడల్లనో తెలిస్తే సగం పని అయినట్టే."

పేజీ అడుగున ఇంకో మాట ఉండేది. దాని మీద నల్ల సిరా పూసేసింది. అదేమిటని అడిగాను. "అది బెగ్. అడుక్కునేది. అది ఎవురూ నేర్పకుండానే మనకొచ్చు" అంది.

మరి అరబ్బీ బాగా వచ్చిన మనిషి ఇంగ్లీషే ఎందుకు నేర్పింది? అరబ్బీలో మాకు వచ్చినవన్నీ పని మాటలు. తే, కడుగు, తుడువు, యల్లా అంటే పద పద. ఆ మాటల్లో మనం పనివాళ్ళం మాత్రమే అనేది అక్క. ఇంగ్లీషు మామాకూ సొంతం కాదు, మాకూ కాదు. అందులో ఇద్దరికీ ఒకే తడబాటు.

ఆమె పద్ధతే వేరు. మమ్మల్ని ముందు సోఫాలో కూర్చోబెట్టేది. ఇన్నేళ్ళ కువైట్ కాపురంలో యజమాని ఎదుట సోఫాలో కూర్చున్నవాళ్ళం కాదు మేమెవరమూ. కాలు మీద కాలేసుకుని మేం మామా కావాలి. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డ ఆ పెద్దమనిషి చేతులు కట్టుకోకుండా ఎదురుగా నిలబడి మమ్మల్ని సెలవు అడిగేది. మేం కాదనాలి. మళ్ళీ అడిగేది, అదే గొంతుతో. నాలుగోసారికి మాకే కాదనడానికి సిగ్గేసేది. "చూసినావా, కాదనేదీ కష్టమే" అని నవ్వేది. ఆ తర్వాతే మా వంతు.

ఇక నా సంగతి. మా మామా చెడ్డ మనిషి కాదు. కానీ నా ఒప్పందం ముగిసి ఏడాది దాటినా నా పాస్‌పోర్టు ఆమె బీరువాలోనే ఉండేది. ఊరికి వెళ్తానంటే "బాదేన్, బాదేన్" అనేది, తర్వాత చూద్దామని. అంతలో మా ఊరు రాజోలు నుంచి కబురొచ్చింది. నా కూతురు పెద్దమనిషైంది, ఫంక్షనుకు ముహూర్తం పెట్టేశారు. మాలో ఒక ఆనవాయితీ ఉంది, అరబ్బీ వచ్చినవాళ్ళు రానివాళ్ళ తరఫున మాట్లాడతారు. పరుగెత్తుకెళ్ళి అక్క చేతులు పట్టుకున్నాను. "నువ్వొచ్చి ఓ మాట చెప్పక్కా, నీ మాటైతే వింటాది."

"నేను మాట్లాడితే ఆమె నాకు జవాబు చెప్తాది" అంది అక్క. "నేను పోయినాక ఆ ఇంట్లో నువ్వు మళ్ళీ మూగదానివే. నువ్వే అడుగు. నేను పక్కన నిలబడతా."

నిలబడింది. బస్సులో వచ్చి, నాకు ఒక అడుగు వెనక. "ఐ యామ్ ఆస్కింగ్ ఫర్ మై పాస్‌పోర్ట్, మామా. ఐ వాంట్ టు సీ మై డాటర్" అన్నాను. బాదేన్ అంది మామా. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏడవగాకు. మళ్ళీ చెప్పు" అంది వెనక నుంచి. మళ్ళీ చెప్పాను. ఆ రోజు పని కాలేదు. పై వారం కాలేదు, ఆ పై వారమూ కాలేదు. నా కూతుర్ని పీట మీద కూర్చోబెట్టి అక్షింతలు వేస్తుంటే నేను ఫోనులో చూశాను. నాలుగోసారి అడిగినప్పుడు మామా లేచి వెళ్ళి, బీరువా తీసి, పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది.

అప్పుడు నేను అక్కను వదల్లేదు. "నువ్వు అరబ్బీలో ఒక్క మాట చెప్పుంటే ఫంక్షనుకి ఉండేదాన్ని" అన్నాను. ఆమె వాదించలేదు. "ఉండేదానివేమో మే. నా తప్పే అనుకో" అంది. ఆమెను దేవతను చేయడానికి నేనిది రాయడం లేదు. ఆ ముహూర్తం నాకు తిరిగి రాదు. కానీ ఆ తర్వాత నా సెలవులు నేనే అడిగాను, ఎవరూ పక్కన లేకుండానే.

ఆమె కూడా అడిగింది. నాలుగేళ్ళుగా ప్రతి రంజాన్ అయ్యాక తన మామా ముందు నిలబడి, ఇక ఊరికి పోతానని అడిగింది. నువ్వు పోతే వంట ఎవరు చేస్తారన్నదే ప్రతిసారీ జవాబు. ఆస్పత్రిలో మా గొడవ దీని గురించే. "ఆ మామా కాళ్ళట్టుకునైనా ఊరెళ్ళిపోక్కా" అన్నాను. ముక్కుకు పెట్టిన ఆక్సిజన్ గొట్టం పీకేసి లేచి కూర్చుంది. "నీకు నేను నేర్పింది ఇదేనా?" అని అరిచింది. నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది. అదే ఆఖరి మాట.

ఊరికి పోలేదు. ఇక్కడి మట్టిలోనే కలిసింది. మూడో రోజు ఫహాహీల్ ఫ్లాటులో పరామర్శకు కూడాం. మమ్మల్ని ఇళ్ళలో కుదిర్చే ఏజెంటు ఒకాయన కూడా వచ్చి టీ తాగుతూ అన్నాడు: "మంచి మనిషేలే. కానీ అంతంత అడిగి ఏం సాధించింది? నాలుగు కన్నీళ్ళు పెట్టుకునుంటే ఎప్పుడో ఊర్లో ఉండేది."

ఒళ్ళు మండిపోయింది. అతని మీద సగం, నా మీద సగం. నేనూ అదే మాట అన్నాను కదా ఆస్పత్రిలో. ఇంకొకరి ఇంట్లో బతికే మాకు బీరువాలుండవు, ముఖ్యమైనవన్నీ హ్యాండుబ్యాగులోనే. నా పాస్‌పోర్టు తీసి చాప మీద అతని ముందు పెట్టాను. "ఇది సాధించిందండి" అన్నాను. నా పక్కన ఉన్నామె తనది తీసి పెట్టింది. ఆ పక్కనామె. గోడవారగా కూర్చున్న ముసలమ్మ. మొత్తం పదకొండు. "లెక్క చూసుకోండి. ఇందులో అడుక్కుని తెచ్చుకున్నది ఒక్కటి లేదు" అన్నాను. అతను టీ సగంలో వదిలి చెప్పులు వేసుకున్నాడు.

ఆమె స్థానంలో కూర్చోగలిగినవాళ్ళు మాలో లేరు. ఉన్నట్టు నటించను. అక్కా, ఎవరి మాట వాళ్ళే మాట్లాడాలన్నావు. నీ తరఫున నేను మాట్లాడేశాను. నీకు నచ్చదని తెలుసు. వచ్చి తిట్టడానికి నువ్వు లేవు, నాకు ఏడుపొస్తోంది, ఈ ఒక్క రోజూ ఏడవనీ.